‘సర్టిఫైడ్’ అంటే దేనికి? ఇంట్లో వైద్య పరికరాలకు బ్యాకప్ కరెంటు ఎంచుకునే ముందు

2021లో కోవిడ్ రెండో వేవ్ వచ్చేదాకా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గదిలోని గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మిషన్) అనే మాటే చాలా ఇళ్లలో వినలేదు. ఇప్పుడు గాలి గొట్టాలు కుంచించుకుపోయే సీఓపీడీతోనో ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌తోనో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దాయన మంచం పక్కన అది గుర్రుమంటూ తిరుగుతూ ఉండటం మామూలైపోయింది. నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకు సీపాప్, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవాళ్లకు బైపాప్ కూడా అంతే, రెండూ మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మిషన్లు. ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు అనేది డాక్టరు రాసిస్తారు. ఫిల్టర్ ఎలా కడగాలో మిషన్ తెచ్చినతను చూపిస్తాడు. కరెంటు పోతే సంగతేంటన్నది మాత్రం ఎవరి చీటీలోనూ ఉండదు. ఇంటివాళ్లు ఇన్వర్టర్ల షాపుకి వెళ్తారు. అక్కడ వినబడేది ఒకటే: “ఇది మెడికల్ గ్రేడ్ సార్, సర్టిఫైడ్. టెన్షన్ పడకండి.”

అక్కడ అడగాల్సింది ‘సర్టిఫికెట్ ఉందా’ అని కాదు, ‘దేనికి ఉంది’ అని. ఎందుకంటే ఇక్కడ మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వైద్య పరికరం తనంతట తాను సురక్షితమేనా? ఇన్వర్టరో యూపీఎస్సో తనంతట తాను సురక్షితమేనా? ఈ రెండింటినీ కలిపి రోగి పక్కన పెడితే సురక్షితమేనా? మొదటి రెండింటికీ కాగితాలు దొరుకుతాయి. షాపువాడు చూపించే కాగితం మూడోదానికి జవాబు చెప్పడం చాలా అరుదు.

మొదటి ప్రశ్నకు ప్రపంచమంతా వాడే ప్రమాణం ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 60601-1. మన దేశంలో దాన్నే ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 13450 పేరుతో తీసుకున్నారు. ఇందులో అసలు కీలకం లీకేజీ కరెంటు. కరెంటుతో నడిచే ప్రతి వస్తువు నుంచీ ఎంతో కొంత కరెంటు ఎర్త్ వైపు జారుతూనే ఉంటుంది. కంప్యూటర్ తరహా మామూలు పరికరాలకు 3.5 మిల్లీఆంపియర్ల దాకా ఒప్పుకుంటారు, ఎందుకంటే అది ఎర్త్ వైరులోంచి పోతుందని లెక్క. ఆ ఎర్త్ వైరు తెగిపోతే ఆ కరెంటు ముట్టుకున్న మనిషిలోంచి పోతుంది. చేతికి జిల్లుమని తెలియడానికి సుమారు 1 మిల్లీఆంపియర్ చాలు. వైద్య పరికరాల ప్రమాణం ఇక్కడ కఠినంగా ఉంటుంది. మామూలుగా ఉన్నప్పుడు ఒంటికి తగిలే కరెంటు 0.1 మిల్లీఆంపియర్ దాటకూడదు. ఏదైనా ఒక లోపం వచ్చినా, అంటే ఎర్త్ తెగినా సరే, 0.5 దాటకూడదు. గుండెకు నేరుగా తగిలే పరికరాలకైతే మామూలు స్థితిలో ఒక మిల్లీఆంపియర్‌లో నూరో వంతే హద్దు. మంచం మీదున్న మనిషి ఆరోగ్యవంతుడిలా చెయ్యి వెనక్కి లాక్కోలేడు కాబట్టే ఇంత జాగ్రత్త.

ఈ ప్రమాణానికి ఇళ్లలో వాడే పరికరాల కోసం ఒక అనుబంధం ఉంది, ఐఈసీ 60601-1-11. అందులోని ఒక నిబంధన చూస్తే, రాసినవాళ్లు మన ఇళ్లు చూసే రాశారా అనిపిస్తుంది. ఇంటి ఎర్తింగ్‌ను నమ్మొద్దని దాని సారాంశం. ఇంట్లో అటూ ఇటూ మార్చుకునే పరికరం ఎర్త్ మీద ఆధారపడకుండా రెండు పొరల ఇన్సులేషన్‌తోనైనా ఉండాలి, సొంత బ్యాటరీతోనైనా నడవాలి. ఇళ్లకోసం తయారైన మంచి కాన్సంట్రేటర్లకు రెండు పిన్నుల ప్లగ్గు ఉండటానికి కారణం ఇదే. వెనక స్టిక్కర్ మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు కనబడితే అది డబుల్ ఇన్సులేషన్ ఉన్నదని అర్థం. ఆ గుర్తు లేదు, మూడు పిన్నులున్నాయి అంటే ఆ పరికరానికి ఎర్త్ కావాలి. మూడో పిన్ను విరిచేసి పాత టూ-పిన్ సాకెట్‌లో దూర్చడం మనవాళ్లకు ఉన్న అలవాటు. ఏ సర్టిఫికెట్టూ ఆ పనిని కాపాడలేదు.

ఇక రెండో ప్రశ్న. మన మార్కెట్లో ఇళ్లకు వాడే యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. పరీక్షించే ప్రమాణం ఐఎస్ 16242 మొదటి భాగం. కాబట్టి స్టిక్కర్ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ నంబరు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ, బ్రాండు, మోడల్ వివరాలు వస్తాయి. షాపులో నిలబడే చూసుకోవచ్చు. అక్కడ వచ్చిన వివరాలు చేతిలో ఉన్న పెట్టెతో సరిపోకపోతే బేరం ఆపేయండి. అయితే ఈ రిజిస్ట్రేషన్ హద్దు కూడా తెలియాలి. గుర్తింపు పొందిన ల్యాబ్ ఇచ్చిన పరీక్ష రిపోర్టును పెట్టుకుని, నా సరుకంతా ఇలాగే ఉంటుందని తయారీదారు తానే ఇచ్చే హామీ ఇది. షాకు కొట్టకుండా, అంటుకోకుండా ఉండాలనే కనీస స్థాయి అది. వైద్య పరికరానికి పనికొస్తుందని గానీ, ఇన్ని గంటలు లాగుతుందని గానీ అందులో ఎక్కడా లేదు.

బ్రోషర్ల మీద కనబడే మిగతా ముద్రల్ని కూడా ఇదే చూపుతో చూడాలి. ఐఎస్ఓ 9001 అన్నది ఫ్యాక్టరీ పని పద్ధతికి ఇచ్చేది, వస్తువు భద్రతకు కాదు. సీఈ యూరప్ మార్కెట్ గుర్తు. మామూలు ఎలక్ట్రికల్ సామానుకు దాన్ని తయారీదారు తనంతట తానే వేసుకుంటాడు. యూఎల్ అమెరికాది, గట్టిదే, కానీ పెట్టె లోపలి ఒక విడిభాగానికి ఇచ్చిన గుర్తును మొత్తం పెట్టెకు ఇచ్చినట్టు చూపే బ్రోషర్లుంటాయి. లిథియం బ్యాటరీల దగ్గర ఎక్కువగా చూపించేది యూఎన్ 38.3. అది రవాణాలో కుదుపులు, ఒత్తిడి, వేడి తట్టుకుంటుందా అనే పరీక్ష. లారీ ఎక్కించడానికి పనికొచ్చే కాగితాన్ని పడగ్గదిలో పెట్టడానికి పనికొచ్చే కాగితంగా అమ్మేస్తున్నారు. ‘మెడికల్ గ్రేడ్’ అన్న మాట పక్కన 60601 అనే అంకె, ఆ మోడల్ పేరుతో ఇచ్చిన సర్టిఫికెట్ లేకపోతే దాన్ని విశేషణంగానే తీసుకోండి.

నిజమైన మెడికల్ యూపీఎస్‌లు ఉన్నాయి. వాటిలో సాధారణంగా ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రోగి వైపు లైనును బయటి లైను నుంచి విడదీసేది) ఉంటుంది, లీకేజీ వైద్య హద్దుల్లోనే ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మరి ఇంటికి అది కావాలా? నా అభిప్రాయంలో, డబుల్ ఇన్సులేషన్ ఉన్న కాన్సంట్రేటర్‌కో సీపాప్‌కో అక్కర్లేదు. రోగికి తగిలేది ప్లాస్టిక్ గొట్టమే. ఆ డబ్బుతో ఎర్తింగ్ బాగు చేయించి ఇంకో ఆక్సిజన్ సిలిండర్ కొనుక్కోవడం మేలు. ఇంటినే ఐసీయూలా మార్చి మానిటర్, సిరంజి పంపు, గుండె దగ్గరి సిరలోకి వెళ్లే లైను పెట్టిన చోట మాత్రం నా సలహా తిరగబడుతుంది. అక్కడ హోమ్ కేర్ సంస్థ బయోమెడికల్ ఇంజినీరు వచ్చి చూసి రాతపూర్వకంగా చెప్పాల్సిందే.

మూడో ప్రశ్నకు జవాబు చాలావరకు పరికరం మాన్యువల్‌లోనే ఉంటుంది, ఎవరూ తెరవరు. ఏ అడాప్టర్, ఏ బయటి బ్యాటరీ వాడొచ్చో తయారీదారు అందులో పేర్కొంటే, ప్రమాణం దృష్టిలో అవి పరికరంలో భాగమే, కలిపే పరీక్షించాలి. అందుకే సీపాప్, బైపాప్‌లకు అదే కంపెనీ ఇచ్చే డీసీ కన్వర్టర్ దొరికితే ఇన్వర్టర్ కంటే అదే మంచి దారి. బ్యాటరీ నుంచి నేరుగా మిషన్‌కు వెళ్తుంది, మధ్యలో 230 వోల్టులుగా మారి మళ్లీ 24కి దిగే తిప్పలు ఉండవు. ఇంకో సంగతి, ప్రమాణం దృష్టిలో రోగి పరిసరం అంటే మంచం చుట్టూ సుమారు ఒకటిన్నర మీటరు. మామూలు ఇన్వర్టర్‌కు ఆ వలయంలో చోటు లేదు. రోగి చేతికి అందకుండా హాల్లోనో వరండాలోనో పెట్టి, అక్కడినుంచి విడిగా లైను లాగించండి. మంచం పక్కన ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి కాన్సంట్రేటర్, ఫోన్ ఛార్జర్, టేబుల్ ఫ్యాన్ అన్నీ దానికే గుచ్చితే ఒక్కోదాని లీకేజీ కలిసి పెరుగుతుంది, ఒక్క ప్లగ్గు ఊడితే అన్నీ ఆగుతాయి.

మామూలు ట్యూబులర్ (లెడ్-యాసిడ్) బ్యాటరీని రోగి గదిలో పెట్టకూడదనడానికి ఇంకో కారణముంది. ఛార్జింగ్ అవుతున్నప్పుడు అది హైడ్రోజన్ వదులుతుంది, కాస్త యాసిడ్ ఆవిరి కూడా. ఊపిరితిత్తులు పాడైన మనిషి పీల్చే గాలిలో యాసిడ్ ఎందుకు? పైగా ఆ గదిలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుంది. ఆక్సిజన్ తనంతట తాను మండదు గానీ, దుప్పటికి అంటిన చిన్న నిప్పురవ్వను క్షణాల్లో మంట చేస్తుంది.

ఇక ఇన్వర్టర్ ఎంపిక. ముందు చూడాల్సింది ప్యూర్ సైన్ వేవ్, అంటే బయటి లైనులోలాగే నునుపైన అలగా వచ్చే కరెంటు. చవకగా వచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు కాస్త గుయ్‌మంటూ తిరుగుతాయి. కాన్సంట్రేటర్‌లో ఉండేది కంప్రెసర్ మోటారు, అది వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. సీపాప్ హ్యుమిడిఫయర్ హీటర్లు కూడా సైన్ వేవ్‌నే కోరతాయి. ఇక్కడ పొదుపు వద్దు.

తర్వాత కరెంటు పోయాక బ్యాటరీ మీదికి మారడానికి పట్టే సమయం. యూపీఎస్‌ల పనితీరు ప్రమాణం ఐఈసీ 62040-3లో మూడు తరగతులున్నాయి. వీఎఫ్‌డీ అంటే మెయిన్స్ (బయటి లైను కరెంటు) ఎలా వస్తే అలా బయటికి పంపి, పోయినప్పుడు మాత్రం బ్యాటరీకి మారేది. వీఐ అంటే వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని సరిచేసేది. వీఎఫ్‌ఐ అంటే ఎప్పుడూ తానే కొత్తగా కరెంటు తయారుచేసి ఇచ్చేది, దుకాణాల్లో ఆన్‌లైన్ యూపీఎస్ అంటారు, దానికి మారే సమయమే ఉండదు. మన ఇళ్ల ఇన్వర్టర్ దాదాపుగా మొదటి తరగతి. వాటి వెనకో ముందో ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, ఒకవైపు యూపీఎస్, మరోవైపు ఎకో లేదా నార్మల్ అని రాసుంటుంది. యూపీఎస్ వైపు పెడితే సుమారు 10 మిల్లీసెకన్లలో మారుతుంది, కంప్యూటర్ కూడా ఆగదు. రెండో వైపు అంతకు రెండు మూడు రెట్లు పట్టొచ్చు, పరికరం ఒక్కసారి ఆగి మళ్లీ మొదలవ్వొచ్చు. కొన్నప్పుడు ఎటు ఉందో అటే ఏళ్ల తరబడి ఉండిపోతుంది ఆ స్విచ్చు. ఈ రోజే వెళ్లి చూడండి. ఒక్క ఇబ్బంది ఏంటంటే, యూపీఎస్ వైపు ఉన్నప్పుడు 180 వోల్టుల కంటే తగ్గితే చాలా మోడళ్లు మెయిన్స్‌ను వదిలేసి బ్యాటరీకి వెళ్లిపోతాయి. వేసవిలో లో-వోల్టేజీ ఉండే ఊళ్లో కరెంటు ఉండగానే బ్యాటరీ అయిపోతుంది. అలాంటి చోట ముందు స్టెబిలైజర్ పెట్టించాలి.

కాన్సంట్రేటర్‌కు ఒక చిన్న ఆగుడు వల్ల ప్రాణం మీదికి రాదు గానీ, ఆగి మొదలైన ప్రతిసారీ పూర్తి శుద్ధి, అంటే 90 శాతం పైబడిన ఆక్సిజన్ రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సీపాప్ ఆగితే మనిషి మెలకువ వచ్చి మాస్కు తీసేసుకుంటాడు. రోజంతా వెంటిలేటర్ మీదే ఊపిరి ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్ల మిషన్‌లో సొంత బ్యాటరీ తప్పకుండా ఉండాలి, అది పాతబడితే మాన్యువల్‌లో రాసిన గంటలు రావు, మంచం దగ్గర చేత్తో ఒత్తే అంబు బ్యాగ్, దాన్ని ఒత్తడం నేర్చుకున్న మనిషి ఉండాలి.

ఇప్పుడు గంటల లెక్క. షాపులో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే, అదీ అబద్ధం ఆడకుండా. 5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది, 10 లీటర్లది 600 వాట్ల దాకా. రోగికి 2 లీటర్లే ఇస్తున్నాం కదా, కరెంటు తగ్గుతుందనుకోవద్దు. కంప్రెసర్ దాదాపు అదే బలంతో తిరుగుతుంది. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), 12 వోల్టుల బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. కానీ ఆ 150 అన్నది 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. 30, 40 ఆంపియర్ల చొప్పున గుంజితే అందులో సుమారు 70 శాతమే చేతికొస్తుంది. ఇన్వర్టర్ తన వంతు ఇంకో 20 శాతం మింగుతుంది. మిగిలేది ఇంచుమించు 1000 వాట్-అవర్లు. ఒక్క కాన్సంట్రేటరే నడిపితే మూడు గంటలకు కాస్త తక్కువ. సీలింగ్ ఫ్యాను 75 వాట్లు కలిపితే రెండు గంటల ఇరవై నిమిషాలు. మూడేళ్ల పాత బ్యాటరీ అయితే ఇంకా తక్కువ. అదే సీపాప్‌ను హ్యుమిడిఫయర్ ఆపి నడిపితే 30, 40 వాట్లే, రాత్రంతా హాయిగా గడిచిపోతుంది. 10 లీటర్ల మిషన్‌కు ఒక్క బ్యాటరీ 900 వీఏ ఇన్వర్టర్ సరిపోదు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూస్తుంది. రెండు బ్యాటరీల 24 వోల్టుల సిస్టమ్ కావాలి.

లిథియం సంగతేంటంటే, 12.8 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1280 వాట్-అవర్లే, కానీ దాదాపు అంతా చేతికొస్తుంది కాబట్టి పైన చెప్పిన 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీతో సమానం. యాసిడ్ లేదు, నీళ్లు పోసే పని లేదు. కొనేటప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమేనా అని అడగండి, వేడికి అది మిగతా లిథియం రకాల కంటే నిలకడగా ఉంటుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు అమ్మే చోట మంటలు పుట్టి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. దట్టమైన పొగే అక్కడ ప్రాణాలు తీసింది. మంచం దిగలేని మనిషి ఉన్న ఇంట్లో బ్యాటరీని తలుపు దగ్గర, బయటికి వెళ్లే దారిలో పెట్టకండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక మాట. నాన్నకు పనికొస్తుందని అక్కడి పోర్టబుల్ పవర్ స్టేషన్ పంపించాలనిపిస్తుంది. అక్కడ అమ్మేవి చాలావరకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇస్తాయి. ఇక్కడి 230 వోల్టుల కాన్సంట్రేటర్ దాని మీద నడవదు. పైగా అంత పెద్ద లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో సామానులో తేనివ్వరు. డబ్బు పంపండి, ఇక్కడే కొంటారు.

వైరింగ్ దగ్గర ఎలక్ట్రీషియన్‌ను గట్టిగా పట్టుకోవాల్సింది రెండు విషయాల్లో. ఇన్వర్టర్ బాడీ లోహంది, దానికి ఎర్త్ తప్పనిసరి, పరికరానికి అక్కర్లేకపోయినా సరే. అపార్ట్‌మెంట్లలో ఎర్త్ పిట్ ఎక్కడుందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు, ఎండాకాలంలో దానికి నీళ్లు పోసేవాళ్లుండరు. రెండోది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్‌ను ఇంట్లోని మిగతా న్యూట్రల్‌తో కలిపేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్చు) పదేపదే పడిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని, ఆర్‌సీసీబీని బైపాస్ చేసి “ఇక పడదు సార్” అని చెప్పి వెళ్లడం. నిజమే, ఇక పడదు, షాకు కొట్టినా పడదు. రోగి గదికి న్యూట్రల్ విడిగా లాగమనండి.

అన్నీ అమర్చాక ఒక పగటిపూట పరీక్ష పెట్టండి. రోగిని సిలిండర్ మీద ఉంచి, కాన్సంట్రేటర్‌ను గాలికే వదిలి నడుపుతూ మెయిన్ ఎంసీబీ (ఇంటి మెయిన్ స్విచ్చు) దించేయండి. మిషన్ ఆగిందా, అలారం మోగిందా, బ్యాటరీ పడిపోయేదాకా ఎన్ని గంటలు వచ్చింది, గోడ మీద రాసి పెట్టుకోండి. షాపువాడు చెప్పిన అంకెకు బదులు ఇకనుంచి అదే మీ అంకె. ఆరు నెలలకోసారి మళ్లీ చూస్తే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

ఈ గంటలన్నీ రోజువారీ కోతలకే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు, 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని కొట్టినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. అన్ని రోజులకు బ్యాటరీ కొనలేం. జనరేటర్ పెడితే దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, కిటికీ కింద పెడితే ముందు పోయేది ఊపిరాడని మనిషే. యూపీఎస్ వైపు పెట్టిన ఇన్వర్టర్ చిన్న జనరేటర్ల ఒడిదుడుకుల కరెంటును తీసుకోదు కూడా, అప్పుడు ఆ స్విచ్చును రెండోవైపు మార్చాలి.

కరెంటుతో పని లేని బ్యాకప్ ఒక్కటే, ఆక్సిజన్ సిలిండర్. చిన్న బి-టైప్‌లో సుమారు 1500 లీటర్లు పడుతుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటల పైన. పెద్ద డి-టైప్‌లో 7000 లీటర్లు, అదే లెక్కన రెండు రోజులకు మించి. మెడికల్ ఆక్సిజన్‌దైతే ఒళ్లు నలుపు, మెడ తెలుపు రంగులో ఉంటుంది. రెగ్యులేటర్‌ను అవసరం పడకముందే ఒకసారి బిగించి, విప్పి చూసుకోండి. మరలకు నూనె, గ్రీజు తగలనివ్వొద్దు, ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే అంటుకుంటుంది. సిలిండర్‌ను గొలుసుతో గోడకు కట్టి, దేవుడి దీపానికీ గ్యాస్ పొయ్యికీ దూరంగా నిలబెట్టండి. దాన్ని తెరిచే తాళంచెవిని దానికే తాడుతో కట్టేయండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే సిలిండర్లు నింపించండి, ఆ మర్నాడు నింపే ప్లాంటుకు కూడా కరెంటు ఉండదు.